నడివయసులో పెద్ద సవాలుకు ఒంటిని సిద్ధం చేసుకోవడం ఎలా?

1966లో అమెరికాలోని డాలస్‌లో ఒక పరిశోధన జరిగింది. ఇరవయ్యేళ్ళ ఆరోగ్యవంతులైన యువకులు ఐదుగురిని మూడు వారాలపాటు మంచం మీదే ఉంచారు. అంతకుముందూ ఆ తర్వాతా వాళ్ళ శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకోగలుగుతోందో కొలిచారు. ముప్పై ఏళ్ళు గడిచి వాళ్ళకు యాభై వచ్చాక, అదే ఐదుగురినీ పిలిపించి మళ్ళీ కొలిచారు. ముప్పై ఏళ్ళ వయసు తగ్గించిన సామర్థ్యం కన్నా, కుర్రతనంలో ఆ మూడు వారాల పడక తగ్గించిందే ఎక్కువని తేలింది. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. ఆరు నెలలపాటు వాళ్ళతో నడక, జాగింగ్, సైకిల్ చేయించారు. తక్కువతో మొదలుపెట్టి చివరికి వారానికి నాలుగున్నర గంటల దాకా తీసుకెళ్ళారు. ఆరు నెలలయ్యేసరికి వయసుతో తగ్గిన ఆ సామర్థ్యమంతా తిరిగి వచ్చింది.

నలభై, యాభై దాటాక మారథాన్ పరిగెత్తాలని, ఎత్తైన కొండెక్కాలని, వంద కిలోమీటర్లు సైకిల్ తొక్కాలని అనుకునేవాళ్ళు ముందుగా నమ్మాల్సింది దీన్నే. ఒంటికి ఇంకా మెరుగుపడే శక్తి ఉంది. కానీ ఆ ఫలితం కోసం ఆరు నెలలు ఓపిక పట్టారన్నది కూడా మర్చిపోకూడదు.

ఈ వయసులో కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మనిషికి ఆయాసం తగ్గడానికి కొద్ది వారాలు చాలు. కండరాల్లో తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు మాత్రం వీటన్నిటికీ వెనక నడుస్తాయి. వాటికి రక్తప్రసరణ తక్కువ, బలపడటానికి నెలలు పడుతుంది. నడివయసులో దెబ్బలు ఎక్కువగా తగిలేది ఈ తేడా వల్లే. ఊపిరి అందుతోంది కదా, హుషారుగా ఉంది కదా అని రెండో నెలలో దూరం రెట్టింపు చేస్తారు. మూడో నెలకల్లా మడమో మోకాలో పట్టేస్తుంది. అందుకే కింద చెప్పిన పద్ధతి మొత్తం, ఒంట్లో అన్నిటికన్నా నిదానంగా సిద్ధమయ్యే భాగానికి తగ్గట్టుగా ఉంటుంది.

మొదట డాక్టర్ దగ్గరికి ఎవరు వెళ్ళాలి

రోజూ అరగంట మామూలు నడక మొదలుపెట్టడానికి చాలామందికి ఏ పరీక్షా అక్కర్లేదు. కానీ మీరు పెట్టుకున్న లక్ష్యం పెద్దది. ముప్పై అయిదు దాటినవాళ్ళలో వ్యాయామం చేస్తుండగా హఠాత్తుగా వచ్చే మరణాలకు ఎక్కువగా కారణం గుండె రక్తనాళాల్లో పూడికలు. కూర్చునే ఉండే మనిషి ఒక్కసారిగా తీవ్రంగా కష్టపడినప్పుడు ఆ ప్రమాదం పెరుగుతుంది. క్రమంగా అలవాటు చేసుకున్నవాళ్ళలో బాగా తగ్గుతుంది.

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ జబ్బు ఉన్నా, సిగరెట్ అలవాటు ఉన్నా, ఇంట్లో తండ్రికో అన్నదమ్ములకో యాభై అయిదు లోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో అరవై అయిదు లోపు గుండెజబ్బు వచ్చి ఉన్నా, వేగం పెంచే ముందు డాక్టర్‌తో మాట్లాడండి. ఏం చేయబోతున్నారో స్పష్టంగా చెప్పండి. "ఎక్సర్‌సైజ్ చెయ్యొచ్చా?" అని అడిగితే చెయ్యమనే అంటారు. "ఏడాదిలో మారథాన్ పరిగెత్తాలనుకుంటున్నాను, వారానికి ఒకరోజు బాగా ఆయాసం వచ్చేలా చేస్తాను" అని చెబితే ఏ పరీక్షలు కావాలో వాళ్ళు ఆలోచిస్తారు.

వాడే మందుల గురించీ అడగండి. బీపీకో గుండెకో ఇచ్చే బీటా బ్లాకర్లు అనే మందులు వాడేవాళ్ళకు గుండె వేగం పెద్దగా పెరగదు, కాబట్టి వాచీలో కనబడే అంకెల్ని నమ్ముకుని శ్రమ అంచనా వేయకూడదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకు ఎక్కువసేపు వ్యాయామం చేసినప్పుడు షుగర్ పడిపోవచ్చు. అది కొన్ని గంటల తర్వాత కూడా జరగొచ్చు. ఆ మోతాదులు సొంతంగా మార్చుకోవద్దు.

ఈ లక్షణాలు మాత్రం ఎప్పుడు కనబడినా ఆపేయండి: ఛాతీలో బిగుతు లేదా బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, చేస్తున్న పనికి సంబంధం లేనంత ఆయాసం. కాసేపు కూర్చుంటే తగ్గిపోయినా సరే, చూపించుకోకుండా మళ్ళీ వ్యాయామం చేయొద్దు. కూర్చున్నా తగ్గకపోయినా, స్పృహ తప్పినా వెంటనే అంబులెన్స్ పిలవాలి. నిన్నటిదాకా హాయిగా ఎక్కిన మెట్లకు ఈరోజు ఆయాసం వస్తుంటే వయసు మీద నెట్టేయకండి.

ఇప్పుడు ఎక్కడున్నారో కొలుచుకోండి

ఇరవై ఏళ్ళ కిందటి మనిషిని మనసులో పెట్టుకుని ప్లాన్ వేసుకోవడమే చాలామందిని ముంచుతుంది. కాలేజీలో కబడ్డీ ఆడారు, నిజమే. ఆ జ్ఞాపకం మనసుకుంది, మోకాలికి లేదు.

నాలుగు చిన్న పరీక్షలు చేసుకోండి. చదునైన దారిలో ఆపకుండా చురుగ్గా నడిస్తే రెండు కిలోమీటర్లకు ఎంతసేపు పడుతోంది? చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు? గోడ పక్కన నిలబడి, ఒంటికాలి మీద పది సెకన్లు ఏ ఆసరా లేకుండా ఉండగలరా? ఒక్కో కాలి మీద మునివేళ్ళపై ఎన్నిసార్లు లేవగలరు? ఈ చివరిది పిక్క బలాన్ని చెబుతుంది. పరుగు మొదలుపెట్టేవాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అని నా నమ్మకం. పది కూడా చేయలేకపోతే పరుగు ఇప్పుడే వద్దు, ముందు పిక్కల పని పట్టండి.

అంకెలు, తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు నెలలకోసారి మళ్ళీ చేయండి. వేరేవాళ్ళతో పోల్చుకోవడానికి కాదు. రోజూ అద్దంలో కనబడని మార్పు ఇక్కడ కనబడుతుంది.

సవాలును, తేదీని ఎంచుకోండి

సవాలు కొంచెం భయం వేసేంత పెద్దదిగా ఉండాలి. తేదీ మాత్రం దూరంగా ఉండాలి. ఏమీ చేయని స్థితి నుంచి పది కిలోమీటర్ల పరుగుకు ఆరు నెలలు, 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కు తొమ్మిది నెలల నుంచి ఏడాది, పూర్తి మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లకు ఏడాదిన్నర పెట్టుకోమంటాను. ఇంతకన్నా తక్కువలో చేసినవాళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళని చూసి మొదలుపెట్టి, మధ్యలో దెబ్బ తిని మళ్ళీ ఆ ఊసే ఎత్తనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ గురించి ఎవరూ చెప్పుకోరు.

మోకాళ్ళు ఇప్పటికే ఇబ్బంది పెడుతుంటే, బరువు బాగా ఎక్కువ ఉంటే సైకిల్ గానీ ఈత గానీ ఎంచుకోండి. అవి పరుగు కన్నా తక్కువ రకం సవాళ్ళేమీ కావు.

మొదటి మూడు నెలలు: మాట్లాడగలిగే వేగం

ఈ దశలో ఒక్కటే నియమం. ఎవరైనా పక్కన ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నిదానంగా చేయాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. వారానికి నాలుగు రోజులు, రోజుకు ఇరవై అయిదు ముప్పై నిమిషాలతో మొదలుపెట్టి, మూడో నెల చివరికి నలభై అయిదు నిమిషాలకు చేరుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పే కనీసం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానికి తోడు రెండు రోజులు కండరాల వ్యాయామం. మూడు నెలల్లో మీరు ఆ గీత దాటితే చాలు.

పరుగు మీద మనసున్నవాళ్ళు మొదటి నెల నడకే నడవండి. రెండో నెల నుంచి నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం జాగింగ్. రెండు వారాలు గడిచాక మూడు నిమిషాలు, రెండు నిమిషాలు. తేలిగ్గా ఉంది కదా అని వారాలు దాటేయకండి. అది తేలిగ్గా ఉన్నది మీ ఊపిరికి. మడమ వెనక టెండన్‌కు అది ఇంకా కొత్తే.

నిదానంగా పరిగెత్తితే ఏమొస్తుందని అనుమానం రావడం సహజం. కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ కుర్రతనంలో పరిగెత్తి మానేసి, నలభైల్లో మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన సాధన చాలావరకు ఇంటి దగ్గరున్న శ్మశానవాటికలో గంటలకొద్దీ నింపాదిగా చుట్లు తిరగడమే. 2004లో, 73 ఏళ్ళ వయసులో, మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశాడు. డెబ్బై దాటాక మూడు గంటల లోపు మారథాన్ పూర్తి చేసిన మొదటి మనిషి ఆయనే. పైస్థాయి క్రీడాకారుల సాధన గమనించిన పరిశోధకులు కూడా వాళ్ళ సాధనలో దాదాపు ఎనభై శాతం తేలికపాటిదేనని చూశారు. ప్రతిరోజూ సగం ఆయాసంతో, సగం అలసటతో చేసే వ్యాయామం మాత్రం ఎటూ కాకుండా పోతుంది. గట్టి వ్యాయామం ఇచ్చే లాభం రాదు, తేలిక వ్యాయామం ఇచ్చే విశ్రాంతీ రాదు.

బలం: దీన్ని వదిలేయొద్దు

వాకింగ్, పరుగు ఇష్టపడేవాళ్ళు బరువులెత్తడం అంటే పక్కన పెట్టేస్తారు. నడివయసులో రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను బలాన్నే ఎంచుకోమంటాను. ముప్పైల తర్వాత పట్టించుకోని శరీరం పదేళ్ళకు మూడు నుంచి ఎనిమిది శాతం దాకా కండను పోగొట్టుకుంటుంది. అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. అందులోనూ ముందు తగ్గేది వేగంగా కదిలించే కండర తంతువులు. కాలు జారినప్పుడు తమాయించుకునేది వాటితోనే. మెనోపాజ్ దాటుతున్న స్త్రీలకు దీంతో ఇంకో అవసరం ఉంది. ఆ కొన్నేళ్ళలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గడంతో ఎముక సాంద్రత వేగంగా పడిపోతుంది. ఎముకకు బరువు తగలాలి, లేకపోతే అది గట్టిపడదు. నడక ఒక్కటే దానికి సరిపోదు.

వారానికి రెండు రోజులు, ఒక్కోసారి నలభై నిమిషాలు చాలు. కదలికలు ఐదు రకాలుగా ఉండేలా చూసుకోండి. కూర్చుని లేచేది, అంటే గుంజీలు. నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి నేల మీద బరువు లేపేది. చేతులతో నెట్టేది, పుషప్స్ లాంటిది. ఇవి నేల మీద రాకపోతే గోడకు ఆనుకుని మొదలుపెట్టండి. చేతులతో లాగేది, రబ్బర్ బ్యాండ్‌తోనో డంబెల్‌తోనో. చివరిది బరువు చేత్తో పట్టుకుని నడవడం. వీటికి తోడు పిక్కల కోసం మునివేళ్ళ మీద లేవడం.

మొదటి నెల తక్కువ బరువుతో, ఒక్కో సెట్‌లో, అంటే ఆపకుండా చేసే ఒక్కో విడతలో, పన్నెండు నుంచి పదిహేను సార్లు చేస్తూ కదలిక సరిగా నేర్చుకోండి. వీలైతే ఈ నెల మాత్రం తెలిసినవాళ్ళ చేత చూపించుకోండి, ముఖ్యంగా నేల మీద బరువు లేపేది. రెండో నెల నుంచి బరువు పెంచుతూ, సార్లు ఎనిమిదికి తగ్గించండి. సెట్ ముగిసేసరికి ఇంకో రెండుసార్లు చేయగలను అనిపించాలి. ఆ రెండూ చేయకుండానే ఆపేయాలి. ఇంకో పది చేయగలను అనిపిస్తే బరువు చాలట్లేదు. బరువు లేపేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. లేపేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు తీసుకోండి. దించడం నిదానంగా, మూడు సెకన్లు పట్టేలా.

మూడు నెలలు గడిచాక, నొప్పులేమీ లేకపోతే, కొంచెం వేగం కలపండి. కుర్చీలోంచి వీలైనంత చురుగ్గా లేవడం, మెట్లు చకచకా ఎక్కడం, తర్వాత చిన్న చిన్న గెంతులు. ఒంటికాలి మీద నిలబడటం రోజూ పళ్ళు తోముకునేటప్పుడు చేసుకుంటే దానికి వేరే టైమ్ అక్కర్లేదు.

మొదటి వారం బరువులెత్తాక ఒకటి నుంచి మూడు రోజులు ఒళ్ళు నొప్పులు ఉంటాయి. అది దెబ్బ కాదు. రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది.

నొప్పిని ఎలా అర్థం చేసుకోవాలి

కండరం నొప్పి రెండువైపులా సమానంగా, కొంచెం విస్తారంగా, నొక్కితే మొద్దుగా ఉంటుంది. కదిలితే తగ్గుతుంది. వేలు పెట్టి "ఇదిగో ఇక్కడే" అని చూపించగలిగే నొప్పి వేరు. ఒక్క కాలికే వచ్చేది, పొద్దున్న మంచం దిగగానే మొదటి పది అడుగుల్లో బిగుసుకుపోయి ఉండేది టెండన్ నొప్పి కావొచ్చు. ఇది మోసం చేస్తుంది. వ్యాయామం మొదలుపెట్టగానే తగ్గినట్టు అనిపిస్తుంది, మర్నాడు ఇంకా ఎక్కువగా వస్తుంది.

పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. మూడు లోపు ఉండి, మర్నాటి పొద్దుటికి ఎప్పటిలాగే ఉంటే కొనసాగించొచ్చు. మర్నాడు పెరిగిందంటే నిన్న చేసింది ఎక్కువ, సగానికి తగ్గించండి. నడక తీరే మారిపోతే, వాపు వస్తే, ఎముక మీద నొక్కితే నొప్పి ఉండి రాత్రిళ్ళు కూడా సలుపుతుంటే ఆపి చూపించుకోవాలి. ఎముకలో సన్నటి పగులు అయ్యుండొచ్చు.

టెండన్‌కు పూర్తి విశ్రాంతి మందు కాదు. ఈ మాట చాలామందికి వింతగా ఉంటుంది. 1998లో స్వీడన్‌కు చెందిన హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం మడమ టెండన్ నొప్పితో చాలాకాలంగా బాధపడుతున్న పదిహేను మందితో ఒక పద్ధతి చేయించింది. వాళ్ళ సగటు వయసు నలభై నాలుగు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమను నిదానంగా కిందకు దించడం. పైకి లేవడానికి రెండో కాలి సాయం తీసుకోవాలి. మోకాలు నిటారుగా పెట్టి పదిహేనుసార్లు చొప్పున మూడు సెట్లు, కొంచెం వంచి మరో మూడు సెట్లు, రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. ఆ పదిహేను మందీ మళ్ళీ పరుగులోకి వెళ్ళగలిగారు. టెండన్ బాగుపడేది తగినంత బరువు, తగినంత కాలం మోస్తేనే. మీకు నొప్పి లేకపోయినా వారానికి మూడుసార్లు ఈ మడమ దించే వ్యాయామం తేలికగా చేసుకోండి. నొప్పి వచ్చాక చేయడం కన్నా రాకముందు చేయడం చాలా సులువు.

నాలుగో నెల నుంచి: వారంలో ఒక కష్టమైన రోజు

2018లో వెలువడిన మరో డాలస్ పరిశోధనలో 45 నుంచి 64 ఏళ్ళ మధ్య, ఆరోగ్యంగా ఉన్నా కూర్చునే గడిపేవాళ్ళ చేత రెండేళ్ళు సాధన చేయించారు. వయసుతో బిగుసుకుపోతున్న గుండె కండరం మళ్ళీ సాగే గుణం తెచ్చుకుంది. ఆక్సిజన్ వాడుకునే శక్తి 18 శాతం పెరిగింది. అంతకుముందు అరవై అయిదు దాటినవాళ్ళతో ఏడాదిపాటు చేయిస్తే గుండె బిగువులో అంత మార్పు రాలేదు. కాబట్టి ఈ నడివయసు కాలాన్ని పోగొట్టుకోకూడదు.

వాళ్ళ వారం ఎలా ఉండేదో అలాగే మీదీ పెట్టుకోవచ్చు. ఒక రోజు గంట లేదా అంతకన్నా ఎక్కువసేపు నిదానమైనది. ఒకటి రెండు రోజులు అరగంట మామూలుది. ఒకటి రెండు రోజులు బలం. ఒక రోజు కష్టమైనది. ఆ కష్టమైన రోజున వాళ్ళు చేసింది నాలుగు నిమిషాలు బాగా గట్టిగా, మూడు నిమిషాలు తేలిగ్గా, అలా నాలుగుసార్లు. గట్టిగా అంటే రెండు మూడు పదాలకు మించి మాట్లాడలేనంత. కానీ వాళ్ళు కూడా నెలల తరబడి మెల్లగా పెంచుకుంటూ అక్కడికి చేరారు. మీరు మొదట ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు తేలిగ్గా, ఆరుసార్లతో మొదలుపెట్టండి. ఎత్తు ఎక్కే దారి గానీ సైకిల్ గానీ దీనికి మంచిది, పాదాల మీద దెబ్బ తక్కువ. ముందు పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కించడం ఈ వయసులో తప్పనిసరి.

220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందని అందరూ చెబుతారు. అది సగటు లెక్క మాత్రమే. ఒక్కో మనిషికి పది, పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. మాట పరీక్షే ఎక్కువ నమ్మకమైనది.

మీ సవాలుకు తగ్గ సాధన

పరుగుకైతే వారంలో ఒక రోజు చేసే పొడవైన పరుగును రెండు వారాలకోసారి కొంచెం పెంచుతూ పోవాలి. మారథాన్‌కు ముందు 28 నుంచి 32 కిలోమీటర్ల దాకా కొన్నిసార్లు వెళ్తే సరిపోతుంది. మధ్యలో నడవడం తప్పేమీ కాదు.

కొండలెక్కేవాళ్ళు ఎక్కడం గురించే ఆలోచిస్తారు. తొడలు పిండైపోయేది దిగేటప్పుడు. అందుకే మెట్లు దిగడం కూడా సాధన చేయాలి, వీపు మీద సంచితో. ఖాళీ సంచితో మొదలుపెట్టి వారానికి కిలో చొప్పున పెంచండి. జపాన్‌కు చెందిన యుయిచిరో మియురా 70, 75, 80 ఏళ్ళ వయసుల్లో మూడుసార్లు ఎవరెస్ట్ ఎక్కాడు. చివరిది 2013లో. ఆయన సాధనలో పెద్ద భాగం కాళ్ళకు బరువులు కట్టుకుని, వీపున సంచి వేసుకుని నడవడమే. మీరు మాత్రం కాళ్ళ బరువుల జోలికి వెళ్ళొద్దు, సంచి చాలు.

ఎత్తైన చోటు అయితే ఫిట్‌నెస్ మిమ్మల్ని కాపాడదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి. పర్వతాల్లో వచ్చే ఎత్తు జబ్బు బలమైనవాళ్ళకూ వస్తుంది, వాళ్ళు త్వరగా ఎక్కేస్తారు కాబట్టి. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచకండి. మూడు నాలుగు రోజులకోసారి అక్కడే ఆగండి. తలనొప్పితో పాటు వికారం, మత్తు ఉంటే పైకి వెళ్ళొద్దు. నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా చీకటైనా సరే కిందకు దిగాలి.

సైకిల్ వాళ్ళు సీటు ఎత్తు సరిచూసుకోండి. తొక్కుడు కిందకు వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. ఈత వాళ్ళకు భుజం టెండన్లే అసలు సమస్య, లాగే వ్యాయామాలు వదలొద్దు. చెరువులో, సముద్రంలో ఎప్పుడూ ఒంటరిగా దిగకండి.

కోలుకోవడం కూడా సాధనలో భాగమే

ఇరవైల్లో ఒక రాత్రి నిద్రతో పోయే అలసట ఇప్పుడు రెండు రోజులు ఉంటుంది. కష్టమైన రోజుకూ కష్టమైన రోజుకూ మధ్య కనీసం రెండు తేలిక రోజులు ఉంచండి. మూడు వారాలు పెంచాక నాలుగో వారం మొత్తం మీద మూడో వంతు తగ్గించండి. ఈ వారాన్ని చాలామంది బద్ధకంగా భావించి దాటేస్తారు. వెనకబడ్డ టెండన్లు మిగతా ఒంటిని అందుకునేది ఆ వారంలోనే.

రాత్రికి ఏడు గంటల నిద్ర తప్పదు. నిద్ర చాలని రోజున కష్టమైన వ్యాయామం పక్కన పెట్టి నడిచి వచ్చేయండి. ప్రొటీన్ విషయంలో, వ్యాయామం చేసే నడివయసువాళ్ళకు శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 గ్రాముల నుంచి 1.6 గ్రాముల దాకా సరిపోతుంది. ఒక్క పూటలో కాకుండా మూడు పూటలా పంచుకుని తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.

జ్వరం ఉన్నప్పుడు, ఛాతీలో జలుబు ఉన్నప్పుడు పూర్తిగా ఆపండి. ఉద్యోగం వల్లో ఇంట్లో ఇబ్బంది వల్లో రెండు వారాలు పోతే, ఆగిన చోట మొదలుపెట్టకుండా మూడింట రెండొంతుల దగ్గర మొదలుపెట్టండి. నెల పోతే సగం దగ్గర. పోయిన రోజుల్ని ఒకే వారంలో పూడ్చాలని టెన్షన్ పడటం వల్ల జరిగే నష్టం, ఆ రోజులు పోవడం వల్ల జరిగే నష్టం కన్నా పెద్దది.

చివరి రెండు వారాలు, ఆ రోజు

రెండు వారాల ముందు నుంచి చేసే మొత్తాన్ని సగం దాకా తగ్గించండి. వేగం మాత్రం మధ్యమధ్య అలాగే ఉంచండి. ఈ రెండు వారాల్లో కొత్తగా వచ్చే బలం ఏమీ ఉండదు. కాళ్ళు తేలికపడతాయి, లేనిపోని నొప్పులు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది, అది అందరికీ ఉండేదే. కొత్త బూట్లు, కొత్త తిండి, కొత్త బట్టలు ఏవీ ఆ రోజుకు వద్దు. అన్నీ ముందే పొడవైన సాధన రోజుల్లో వాడి చూసినవై ఉండాలి.

మొదటి మూడో వంతు దూరం, ఇంత నిదానమా అని మీకే అనిపించేంత నిదానంగా వెళ్ళండి. నీళ్ళు దాహాన్నిబట్టి తాగండి. అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం తగ్గి ఉన్నట్టు తేలింది. దారిలో నొప్పి వస్తుందేమో అని ముందుగా ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకోకండి. ఎండలో, చెమటలో అవి కిడ్నీలకు ప్రమాదం. ఛాతీ, తల తిరగడం గురించి మొదట్లో చెప్పిన లక్షణాల్లో ఏది కనబడినా, ముగింపు గీత వంద మీటర్ల దూరంలో ఉన్నా ఆగిపోవాలి.

ముగిశాక వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి. మారథాన్ లాంటిదైతే వారం రోజులు పరుగు మానేసి నడక, తేలికపాటి సైకిల్‌తో సరిపెట్టండి. రెండో వారం నిదానంగా అరగంట, మూడో వారం నుంచి బరువులు. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే, తొడలు బాగా వాచి బిగుసుకుపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి, కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతున్న సూచన అది. నెల రోజులు గడిచాక మొదట చేసిన నాలుగు పరీక్షలు మళ్ళీ చేసి, తర్వాతి తేదీ ఆ అంకెలను చూసి పెట్టుకోండి.